పచ్చళ్ల వ్యాపారం పెంచాలంటే ఏ బిజినెస్ పుస్తకాలు చదవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రాజమండ్రిలో అత్తాకోడళ్లు కలిసి నడుపుతున్న పచ్చళ్లు, పొడుల వ్యాపారం. ఐదేళ్లయింది. ఎనిమిది మంది పనిచేస్తున్నారు, నెలకు ఆరు లక్షల దాకా అమ్మకం. హైదరాబాద్‌లో సూపర్ మార్కెట్లకు సరుకు వేయాలని, కుదిరితే అక్కడే ఒక షాపు తెరవాలని ఆలోచన. వీడియోల్లో చెప్పారని బిజినెస్ పుస్తకాలు పది కొన్నారు, మూడు పూర్తిచేశారు. "చదివినంతసేపూ ఊపు వస్తుంది, సోమవారం షాపు తెరిచాక మళ్లీ మామూలే. ఏ పుస్తకాలు, ఏ వరసలో చదవాలి?" అని అడిగారు.

పది అక్కర్లేదండీ. మీరున్న దశకు మూడు చాలు, అవి కూడా ఏడాది పొడుగునా. మొదటిది డబ్బు ఎక్కడ ఆగిపోతోందో చూపించేది. రెండోది అత్తగారి చేతిలో ఉన్న పనిని కాగితం మీదకు తెచ్చేది. మూడోది పని ఎక్కడ అడ్డం పడుతోందో పట్టుకోవడం నేర్పేది. పెద్ద కంపెనీలు ఎలా గొప్పవయ్యాయో చెప్పే పుస్తకాలు, ఉత్సాహం నింపే పుస్తకాలు ప్రస్తుతానికి అటకెక్కించండి. చదివింది సోమవారానికి ఎగిరిపోతోందంటే, పుస్తకం తెరిచేటప్పుడు దాన్ని అడగడానికి మీ దగ్గర ఒక ప్రశ్నంటూ లేదన్నమాట. ఊరికే చదివితే ఎంత మంచి పుస్తకమైనా ఊపు ఒక్కటే ఇస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాను, ఇరవై ఏళ్లు దాటింది. పచ్చళ్లు, స్వీట్లు, మోటారు పార్టులు, ఎవరికి కావాలంటే వాళ్లకు పెట్టెలు చేస్తాం. పచ్చళ్ల వాళ్ల లోపలి సంగతులు కొన్ని అలాగే తెలిశాయి. ఎవరి ఆర్డర్లు పెరుగుతున్నాయో, ఎవరి చెక్కు ఈ నెల ఆలస్యమవుతుందో పెట్టెల వాడికి మిగతా ఊరికంటే ముందే తెలుస్తుంది.

ముందు మీ లెక్క, తర్వాత పుస్తకం

హైదరాబాద్ ఆలోచననే తీసుకుందాం. సూపర్ మార్కెట్ల నుంచి నెలకు 3 లక్షల ఆర్డరు వచ్చిందనుకోండి. సరుకు, సీసాలు, కూలి, రవాణా అన్నీ కలిపి మీ ఖర్చు 2.2 లక్షలు, మిగిలేది 80 వేలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఏడాది అమ్మకానికి కావలసిన సరుకు చాలావరకు రెండు మూడు నెలల్లోనే కొనిపెట్టుకోవాల్సిన వ్యాపారం మీది. ఆవకాయ కాయ ఏప్రిల్, మే దాటితే దొరకదు. గుంటూరు యార్డుకు కొత్త మిరపకాయ వేసవిలోపు వస్తుంది, అప్పుడు కొని కోల్డ్ స్టోరేజీలో వేసుకోకపోతే దసరా నాటికి ఏ ధర పలుకుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. నేను చదివిన అమెరికా పుస్తకాల్లో ఈ గొడవ ఎక్కడా కనపడలేదు.

ఆ 2.2 లక్షల్లో ఒక లక్ష ఇలా సీజన్లో కొనే సరుకుది అనుకుందాం. అంటే ఏడాదికి 12 లక్షలు, అదంతా మే నెలాఖరుకే రొక్కంగా చేతిలోంచి పోతుంది. జూన్, జూలైలలో నూనె, సీసాలు, కూలి, రవాణాకు నెలకు 1.2 లక్షల చొప్పున మరో 2.4 లక్షలు. సూపర్ మార్కెట్ల వాళ్లు 60 రోజులకు డబ్బు ఇస్తామన్నారనుకోండి, జూన్‌లో వేసిన సరుకుకు ఆగస్టులో ఇస్తారు. అంటే మొదటి చెక్కు మీ చేతికి వచ్చేనాటికి 14.4 లక్షలు బయట ఉంటాయి. ఏడాదంతా అన్నీ సవ్యంగా నడిస్తే మిగిలేది 9.6 లక్షలు. వెనక్కి వచ్చే సరుకు, లారీలో పగిలే సీసాలు, 60 రోజులన్నది 90 కావడం, ఇవేవీ ఇందులో కలపలేదు. అమ్మకం పెరుగుతున్న కొద్దీ చేతిలో డబ్బు ఆడకపోవడమన్నది మా కస్టమర్లలో చాలామంది దగ్గర చూశాను. వాళ్లలో నష్టానికి అమ్మేవాళ్లు ఎవరూ లేరు.

ఈ అంకెలు నేను ఊహించి వేసినవి. మీవి మీరు వేసుకోండి. ఒక సాయంత్రం పడుతుంది. ఆ కాగితం ముందు పెట్టుకుని డబ్బు గురించిన పుస్తకం తెరిస్తే, ఇదివరకు చదివిన పేజీలే వేరేగా కనిపిస్తాయి.

ఇక్కడే పుస్తకాలు చెప్పని రెండు సంగతులు కూడా చూసుకోండి. మొదటిది జీఎస్టీ. మీ అమ్మకం ఏడాదికి 72 లక్షలు కాబట్టి మీరు కాంపోజిషన్ స్కీములో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో, ఉండి ఉండవచ్చు. ఉంటే, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. రాజమండ్రి నుంచి హైదరాబాద్ అంటే 2014 తర్వాత వేరే రాష్ట్రమే. రెగ్యులర్‌కు మారితే పన్ను రేటు, బిల్లింగు, ధర అన్నీ మారతాయి. హైదరాబాద్‌లో షాపు పెడితే తెలంగాణలో విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. ఆర్డరు ఒప్పుకోకముందే ఆడిటర్ దగ్గర కూర్చోండి. రెండోది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు) లేకపోతే చేయించుకోండి, దానికి ఫీజు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకు కొన్నవాళ్లు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆ చట్టం పట్టుకుని కస్టమర్ మీదకు వెళ్లేవాళ్లు తక్కువే, మళ్లీ ఆర్డరు రాదేమోనని భయం. అయినా బిల్లు మీద ఉద్యమ్ నంబరు, 45 రోజుల గడువు అచ్చువేయించండి. మాకైతే అవతలి అకౌంట్స్ సెక్షన్లో మన బిల్లు కాస్త ముందుకు జరుగుతోంది.

మొదటి పుస్తకం: డబ్బు

మైక్ మికాలోవిట్జ్ రాసిన 'ప్రాఫిట్ ఫస్ట్'. అందులో ఉన్న ఆలోచన ఒక్కటే. అమ్మకంలోంచి ఖర్చులు తీసేస్తే మిగిలింది లాభం అనుకోవద్దు, అమ్మకంలోంచి లాభం ముందే తీసి పక్కన పెట్టి, మిగిలిన దానితోనే ఖర్చులు నడపమంటాడు. అందుకోసం బ్యాంకులో వేరు వేరు ఖాతాలు: లాభానికి ఒకటి, యజమాని జీతానికి ఒకటి, పన్నుకు ఒకటి, ఖర్చులకు ఒకటి. నెలలో 10న, 25న పంపకం.

ఏ ఖాతాకు ఎంత శాతమో ఇందులో పట్టికలు ఇచ్చాడు, ఆ శాతాలు మీకు పనికిరావు. ఆ పట్టికలు చూసి మన వ్యాపారాలకు అలాగే అంటించేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. సరుకు కొనుగోలుకే అమ్మకంలో సగం దాటిపోయే చోట, ఏడాది సరుకు వేసవిలో కొనే చోట ఆ శాతాలు నిలవవు. నేను తీసుకున్నది ఒక్క ముక్కే: జీఎస్టీకి వేరే ఖాతా. కస్టమర్ డబ్బు వేసిన రోజే అందులోని పన్ను వాటా ఆ ఖాతాలోకి వెళ్లిపోతుంది. అంతకుముందు జీఎస్టీ కట్టాల్సిన 20వ తారీఖు దగ్గర పడుతుంటే మా ఇంట్లో అందరికీ టెన్షన్ ఉండేది. ఖాతాలో కనపడే డబ్బంతా మనదే అనిపించి పేపర్ రీలు కొనేస్తాం కదా.

మీరైతే దానికి ఇంకొకటి కలపండి, సీజన్ ఖాతా. ఆగస్టు నుంచి మార్చి దాకా ప్రతి వసూలులో కొంత అందులోకి పోవాలి. ఏప్రిల్లో కాయల వ్యాపారికి, మిరపకాయల కమిషన్ ఏజెంటుకు అందులోంచే ఇవ్వాలి. పుస్తకంలో ఇలాంటి ఖాతా లేదు, మీ వ్యాపారానికి మాత్రం మిగతావాటికంటే ఇదే అవసరం. ముద్రా లోనో, బ్యాంకు సీసీ లిమిటో (అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే అప్పు) తీసుకోవద్దనడం లేదు. సొంత సీజన్ ఖాతాలో కొంత కనిపిస్తే మేనేజరు మాట్లాడే తీరు కూడా మారుతుంది.

రెండో పుస్తకం: అత్తగారి చేయి

మైకేల్ గెర్బర్ 'ది ఈ-మిత్ రీవిజిటెడ్', 1995. ఇది మీకోసమే రాశారా అనిపిస్తుంది. పుస్తకం పొడుగునా రచయిత సారా అనే ఆవిడతో మాట్లాడుతూ ఉంటాడు. ఆమెకు పైలు (లోపల పండ్లు లాంటివి పెట్టి ఓవెన్‌లో కాల్చే వంటకం) చేసి అమ్మే చిన్న షాపు ఉంటుంది. చేయి తిరిగిన మనిషి, పొద్దున చీకటితో లేచి అన్నీ తనే చేస్తుంది, చివరికి తను ఎంతో ఇష్టపడ్డ వంటంటేనే విసుగొచ్చే స్థితికి వస్తుంది. గెర్బర్ వాదన ఏమిటంటే, చిన్న వ్యాపారాలు పెట్టేది ఎక్కువగా పనితనం ఉన్నవాళ్లు, పని బాగా వస్తే ఆ పని చేసే వ్యాపారం కూడా నడపడం వస్తుందని వాళ్లు అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు అని. ఆయన మందు: ఆ పని ఎవరు చేసినా ఒకేలా వచ్చేట్టు పద్ధతి రాసిపెట్టు, రేపు ఇలాంటి షాపులు వేలల్లో తెరవబోతున్నట్టు ఊహించుకుని రాయి.

వేల షాపుల సంగతి మరచిపోండి. మీకు కావలసింది అత్తగారు పెళ్లికి వెళ్లిన వారం కూడా పచ్చడి అదే రుచి రావడం. అక్కడ ఒక చిన్న విషయం దగ్గరే మొదలుపెట్టండి: ఉప్పు. ఇంట్లో ఆవకాయ కొలతలు గిన్నెలతోనో సోలతోనో ఉంటాయి. ముక్కలు ఇన్ని గిన్నెలు, కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ఒకటికి కాస్త తక్కువ అని. కల్లుప్పు గిన్నెడు తూచండి, మెత్తటి ఉప్పు అదే గిన్నెడు తూచండి, బరువులో తేడా బాగా కనపడుతుంది. కల్లుప్పులో కూడా పలుకులు పెద్దవైతే ఒక బరువు, చిన్నవైతే ఇంకో బరువు. అత్తగారి చేయి ఆ తేడాను తనంతట తనే సరిచేస్తుంది. కొత్తగా వచ్చిన పనిమనిషి గిన్నె నింపి వేసేస్తుంది. ఒక బ్యాచ్‌లో ఉప్పు తక్కువైతే బూజు పడుతుంది, సూపర్ మార్కెట్ వాళ్లు ఆ బ్యాచ్ మొత్తం వెనక్కి పంపుతారు, పైగా ఆ కబురు మీకు అందేది రెండు నెలల తర్వాత.

కాబట్టి ఈ వేసవిలో అత్తగారు కలిపేటప్పుడు పక్కన త్రాసు పెట్టుకుని కూర్చోండి. ఆవిడను కొలతలు చెప్పమని అడగకండి, చెప్పలేరు. ఆవిడ వేయబోయే ప్రతిదీ గిన్నెతో సహా తూచి, వేశాక ఖాళీ గిన్నె తూచి, తేడా రాసుకోండి. "ఇంకొంచెం" అని తర్వాత జల్లే చిటికెడు కూడా. నాలుగైదు బ్యాచ్‌లు రాశాక సగటు తీస్తే కిలో ముక్కలకు ఎంతెంతో తేలుతుంది. గెర్బర్ 'సిస్టమ్' అని పేజీలకు పేజీలు రాసిందంతా మీ దగ్గర ఈ కాగితమే. చదువు రాని పనివాళ్లకు ఆ కాగితం పనికిరాదు, వాళ్లకోసం ఒక్కో బ్యాచ్‌కు ఉప్పు, కారం, ఆవపిండి ముందే తూచి సంచుల్లో కట్టి ఇవ్వండి. మందుల కంపెనీల్లో కూడా ముందు ఒకరు తూస్తారు, ఆ తర్వాతే ఇంకొకరు కలుపుతారు.

లిజ్జత్ పాపడ్ వాళ్ల కథ ఇక్కడ తలుచుకోవాలి. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టారని అందరూ చెబుతారు, ఉపన్యాసాల్లో అక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చేది ఆ తర్వాతది. పిండి మాత్రం బ్రాంచిలోనే కలుపుతారు. సభ్యులు ఆ పిండి ఇంటికి తీసుకెళ్లి, అప్పడాలు ఒత్తి ఆరబెట్టి, మర్నాడు తెచ్చి ఇస్తారు. అక్కడ చూసి తీసుకుని డబ్బు ఇస్తారు. రుచి ఆధారపడే పని ఒక్కచోట బిగించి ఉంచారు, చేతులు కావలసిన పనిని ఎన్ని ఇళ్లకైనా పంచారు. మీ దగ్గర ఏది కలపడం, ఏది ఒత్తడం? పొడులకైతే నాకు తోచేది ఇది: వేయించడం ఇంటి పట్టున, ప్యాకింగు ఎక్కడైనా. పచ్చళ్లకు మీకే బాగా తెలుస్తుంది.

మూడో పుస్తకం: పని ఎక్కడ ఆగుతోంది

ఎలియాహు గోల్డ్‌రాట్ 'ది గోల్'. 1984లో వచ్చింది. నవలలా ఉంటుంది, ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన, మూడు నెలల్లో ఫ్యాక్టరీ గాడిన పడకపోతే మూసేస్తామని పైవాళ్లు చెబుతారు. గోల్డ్‌రాట్ భౌతికశాస్త్రం చదివిన మనిషి, వ్యాపారంలోకి పక్కదారిన వచ్చాడు, అందుకేనేమో మిగతావాళ్లు రాసినట్టు రాయలేదు. పిల్లలను కొండదారిన నడిపించుకుపోతుంటే హెర్బీ అనే ఒక్క పిల్లాడు మెల్లగా నడుస్తాడు, వరస మొత్తం వాడి వేగంతోనే కదలాల్సి వస్తుంది. ముందున్నవాళ్లు ఎంత వేగంగా నడిచినా వరస పొడుగు పెరుగుతుంది తప్ప అందరూ చేరే టైము మారదు. మిగతా పుస్తకమంతా ఆ నడక మీదే నిలబడింది.

ఇది మాకు ఎలా పనికొచ్చిందో చెబుతాను. మా యూనిట్‌లో క్రాఫ్ట్ పేపర్ రీలు కారుగేషన్ మెషిన్‌లోకి వెళ్లి ముడతల కాగితమై వస్తుంది. దాన్ని షీట్లుగా కోసి, జిగురుతో మీద కాగితం అతికించి, ఆరాక మడతగీతలు, గంట్లు కొట్టి, చివర స్టిచ్చింగ్ మెషిన్ మీద పిన్నులు కొడతారు. ఆర్డర్లు ఆలస్యమవుతున్న రోజుల్లో మా సూపర్‌వైజరు దగ్గర్నుంచి మెషిన్లు అమ్మే ఏజెంటు దాకా అందరిదీ ఒకే మాట, ఇంకో కారుగేషన్ మెషిన్ వేయాలని. అప్పటికి నేను ఆ పుస్తకం సగంలో ఉన్నాను. షెడ్డులోకి వెళ్లి ఏ మెషిన్ ముందు ఎంత గుట్ట పేరుకుందో చూశాను, అంతే. కారుగేషన్ దగ్గర ఖాళీ. స్టిచ్చింగ్ ముందు గంట్లు కొట్టిన షీట్లు నడుం ఎత్తు. ఆ మెషిన్ మీద చేయి తిరిగినవాడు ఒక్కడే. అతనే లేచి వెళ్లి షీట్లు తెచ్చుకుంటున్నాడు, కొట్టిన పెట్టెలు అతనే కట్టలు కడుతున్నాడు. అతను కట్టలు కడుతున్నంతసేపూ మెషిన్ ఊరికే ఉంటోంది.

అతనికి ఇద్దరు హెల్పర్లను ఇచ్చాం, షీట్లు అందించడానికి ఒకరు, కట్టలు కట్టడానికి ఒకరు. అతను భోజనానికి వెళ్లినప్పుడు కూర్చోవడానికి ఇంకొక కుర్రాడికి పని నేర్పాం. మెషిన్ కొనలేదు. పుస్తకం అంచున హెర్బీ పేరు పక్కన పెన్సిల్‌తో ఆ స్టిచ్చింగ్ అతని పేరు రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది. వానాకాలం వచ్చేసరికి గుట్ట ఇంకోచోటికి మారింది, అతికించిన షీట్లు తేమకు ఆరక. గోల్డ్‌రాట్ అదీ చెప్పాడు, ఒక అడ్డం తీస్తే ఇంకొకటి పైకి తేలుతుంది, మళ్లీ మొదటినుంచి వెతకమని.

మీ దగ్గర మే నెలలో అది ముక్కలు కొట్టే దగ్గర ఉండొచ్చు, తడి లేకుండా తుడిచి ఆరబెట్టే చోటు చాలకపోవడం కావచ్చు. మిగతా పది నెలలూ చాలామంది పచ్చళ్ల వాళ్ల దగ్గర నేను చూసింది సీసాలు నింపి, మూత బిగించి, లేబుల్ అంటించే బల్ల. కలిపిన పచ్చడి జాడీల్లో సిద్ధంగా ఉంటుంది, మా పెట్టెలు గోడ వారగా ఎదురుచూస్తూ ఉంటాయి, మధ్యలో ఒకే బల్ల, దాని దగ్గర ఇద్దరు మనుషులు. అక్కడ అలా ఉండగా హైదరాబాద్‌లో ఇంకో షాపు తెరిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పక్కన పెట్టమన్న పుస్తకాల గురించి

జిమ్ కాలిన్స్ 'గుడ్ టు గ్రేట్' మీ పదింట్లో ఉండే ఉంటుంది, అందరి దగ్గరా ఉంటుంది. 2001లో వచ్చింది. మంచి స్థాయి నుంచి గొప్ప స్థాయికి ఎదిగిన 11 కంపెనీలను తీసుకుని, వాటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో చూపిస్తాడు. శ్రద్ధగా చేసిన పని, కాదనను. ఆ పదకొండులో ఎలక్ట్రానిక్స్ షాపుల కంపెనీ సర్క్యూట్ సిటీ 2008లో దివాలా పిటిషన్ వేసింది. ఇళ్ల రుణాల కంపెనీ ఫ్యానీ మే అదే ఏడాది అమెరికా ప్రభుత్వ ఆజమాయిషీ కిందకు వెళ్లింది. నా అభ్యంతరం అది కూడా కాదు. గెలిచినవాళ్లను ముందు ఎంచుకుని వెనక్కి చూస్తే వాళ్లు చేసిన ప్రతిదీ తెలివైన పనిలాగే కనిపిస్తుంది. అదే ధైర్యంతో, అదే పట్టుదలతో అదే పని చేసి షట్టర్ దించేసినవాళ్లు మా ఆటోనగర్‌లోనే ఉన్నారు, వాళ్ల మీద ఎవరూ పుస్తకం రాయరు. ఎనిమిది మందితో నడిచే చోట వేల మంది ఉన్న కంపెనీ పాఠం ఎంతవరకు అతుకుతుందన్నది ఇంకో ప్రశ్న.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు చదవకూడదని నా ఉద్దేశం కాదు. అలసిపోయినప్పుడు నేనూ చదువుతాను. బెజవాడ పుస్తకాల పండగలో అవీ బిజినెస్ పుస్తకాలూ ఒకే బల్ల మీద పెడతారు, అందుకే జనం రెండూ ఒకటే అనుకుంటారు. సీసా మీద ఎంత మిగులుతోందో అవి చెప్పవు.

ఆ పదిలో అమ్మకాలు పెంచే పుస్తకాలు కూడా ఉంటే, వాటికి ముందు ఒక పని చేయండి. మా కస్టమర్ ఒకాయన, పచ్చళ్లే, ముప్పై రకాల పైన చేసేవాడు. లేబుళ్లు అన్ని రకాలు, మా దగ్గర నుంచి పెట్టెలు మాత్రం ఎప్పుడూ నాలుగైదు రకాల పేర్ల మీదే కదిలేవి. ఒకరోజు నేనే ఆ మాట అన్నాను. ఆయన ఐటమ్ వారీగా అమ్మకం, కిలోకు ఖర్చు, మిగులు రాసి చూసుకుంటే ఆవకాయ, గోంగూర, టమాటా, కందిపొడి లాంటి కొన్ని మిగతా అన్నింటినీ మోస్తున్నాయి. నాలుగు కాకరకాయ సీసాల కోసం బల్ల అంతా కడిగి, నూనె మార్చి, లేబుళ్లు మార్చి పూట పోగొట్టుకోవడం మానేశాడు. మీరు కూడా ఆ పట్టిక వేయండి. ఒకటి రెండు ఐటమ్‌లు అత్తగారికి ఇష్టమని ఉంచాల్సి వస్తుంది. ఉంచండి, ఇల్లు కూడా నడవాలి.

చదివే పద్ధతి

నేను ఒక పుస్తకం పట్టుకుంటే ఇంకొకటి తెరవను. పక్కన నోట్‌బుక్ ఉంటుంది, ఎడమ పేజీలో పుస్తకం ఏం చెబుతోందో ఒక వాక్యం, కుడి పేజీలో మా షెడ్డులో అది ఏ అంకెలో కనపడాలో. కుడి పేజీ ఖాళీగా ఉండిపోయిన ఆలోచనలను వదిలేస్తాను, ఎంత బాగున్నా. రాసుకున్న వాటిలో ఒకే ఒక్క మార్పు ఎంచుకుని ఒక నెల నడిపి అంకె చూస్తాను. రెండు మార్పులు ఒకేసారి పెడితే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు, పనివాళ్లకు కూడా "సార్ మళ్లీ ఏదో పుస్తకం చదివాడు" అనిపిస్తుంది. పుస్తకంలోని మాటలు పనివాళ్ల దగ్గర వాడకండి. హెర్బీ ఎవరో మా స్టిచ్చింగ్ అతనికి ఇప్పటికీ తెలియదు, తెలిస్తే బాధపడతాడు కూడా.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పుస్తకం కింద లెక్కపెట్టరు. షేర్లు జారీ చేసే ముందు కంపెనీలు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఇచ్చే ప్రాస్పెక్టస్‌లు (కంపెనీ వివరాల పత్రాలు) సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. 2022లో మార్కెట్‌కు వచ్చిన బికాజీ ఫుడ్స్‌ది తీసుకోండి, భుజియా, స్వీట్ల కంపెనీ. వందల పేజీలు ఉంటుంది, మొత్తం అక్కర్లేదు. రిస్కుల అధ్యాయం చదవండి, తర్వాత సరుకు ఎలా కొంటారో, డీలర్లకు ఎలా వేస్తారో చెప్పే భాగం చదవండి. తమ బలహీనతలు తామే రాసుకోవాలని చట్టం వాళ్ల మెడ మీద కూర్చుంటుంది కాబట్టి, విజయగాథల్లో దొరకని నిజం అక్కడ దొరుకుతుంది. ఆహారం ప్యాక్ చేసి అమ్మేవాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనివి ఏమిటో అందులో వరసగా ఉంటాయి.

ఇంగ్లిష్ కష్టమైతే 'ది గోల్'తో మొదలుపెట్టకండి, అది పెద్దది. గెర్బర్ పుస్తకంలో సారాతో మాటలున్న భాగాలు మాత్రం చదివినా సగం విషయం అందుతుంది. ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే అధ్యాయం చదివి తెలుగులో చెప్పమనండి. వాళ్లకూ ఇల్లు ఎలా నడుస్తోందో తెలుస్తుంది.

వరస అడిగారు కాబట్టి కాలం ప్రకారం చెబుతాను. సంక్రాంతి వెళ్లాక డబ్బు పుస్తకం, మార్చి లోపు ముగించండి, సీజన్ కొనుగోలు లెక్క ఆ పాటికి కాగితం మీద ఉండాలి. గెర్బర్‌ని కూడా సీజన్‌కు ముందే తిరగేయండి, ఎందుకంటే ఆవకాయ కలిపేటప్పుడు త్రాసు పెట్టుకోవడం తప్పిపోతే మళ్లీ వచ్చే వేసవి దాకా ఆగాలి. ఏప్రిల్, మేలలో ఏ పుస్తకమూ ముట్టలేరు, ఆ ప్రయత్నమూ చేయకండి. వానలు మొదలయ్యాక గోల్డ్‌రాట్, నింపే బల్ల దగ్గర నిలబడి చూసుకుంటూ. సూపర్ మార్కెట్లకు ముందు ఒక్క స్టోరుకే, రెండు ఐటమ్‌లే వేసి, డబ్బు నిజంగా ఎన్ని రోజులకు వస్తోందో, ఎంత సరుకు వెనక్కి వస్తోందో ఆరు నెలలు రాయండి. షాపు అద్దెకు అడ్వాన్సు ఆ అంకెలు చేతిలో ఉన్నాకే ఇవ్వండి.